గైడ్ కంపెనీకి 50 ఏళ్లు నిండుతున్నాయా? పండుగ పిల్లల చేత చేయించండి

రెండేళ్ల కిందట మా బాలికల హైస్కూల్లో గైడ్ కంపెనీకి, అంటే గర్ల్ గైడ్స్ దళానికి, 50 ఏళ్లు నిండాయి. హైదరాబాద్‌లో మాది మామూలు సర్కారీ బడి. పెద్ద ఆడిటోరియం లేదు, దాతలు లేరు. ఉన్నదల్లా 32 మంది పిల్లలు, ఒక గ్రౌండు, బీరువా నిండా పాత రిజిస్టర్లు. ఆ పండుగకు 260 మంది వచ్చారు. అప్పటి నుంచి సిటీలోని వేరే బడుల గైడ్ కెప్టెన్లు (కంపెనీని నడిపే టీచర్లు) ఫోన్ చేసి, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత ఖర్చవుతుంది, పాత పిల్లల్ని ఎలా వెతికారు అని అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పేదంతా ఇక్కడ ఒక్కచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇలాంటి ఉత్సవాల్లో పెద్దలు స్టేజీ మీద కూర్చుంటారు, పిల్లలు ఎండలో వరుసగా నిలబడి చప్పట్లు కొడతారు. మీరు అలా చేయకండి. ఇది ఆడపిల్లల సంస్థ, పండుగ వాళ్లదే. నిర్ణయాలు, బజారు పని, మైకు, లెక్కలు అన్నీ వాళ్ల చేతికి ఇవ్వండి. కింద చెప్పే ప్రతి అడుగూ ఆ నమ్మకంతో వేసిందే.

ముందు పుట్టినరోజు తేల్చుకోండి

బడిలో అందరూ చెప్పే సంవత్సరం, కాగితాల్లో ఉండే సంవత్సరం ఒకటే అని అనుకోవద్దు. మా దగ్గర ఒక ఏడాది తేడా వచ్చింది. బీరువా అడుగున చార్టర్ కాగితం (కంపెనీకి ఇచ్చిన గుర్తింపు పత్రం) దొరికితే తెలిసింది, మేమంతా ఏడాది ముందే హడావిడి పడుతున్నామని. ఆ దొరికిన ఏడాదే మాకు ప్రాణం పోసింది.

చార్టర్, ఏటేటా చేయించే రిజిస్ట్రేషన్ రెన్యువల్ కాగితాలు, కంపెనీ లాగ్ బుక్, దీక్ష తీసుకున్న పిల్లల రిజిస్టర్, స్కూల్ మ్యాగజైన్లు, పాత గ్రూప్ ఫోటోల వెనక రాతలు అన్నీ చూడండి. వీటిలో మూడు తేదీలు కనిపిస్తాయి: కంపెనీ రిజిస్టరైన తేదీ, మొదటి మీటింగ్ జరిగిన తేదీ, మొదటి పిల్లలు దీక్ష తీసుకున్న తేదీ. నన్నడిగితే మూడోదే పుట్టినరోజు. ప్రతిజ్ఞ చేసి బ్యాడ్జి పెట్టుకున్నాకే కదా ఒక పిల్ల గైడ్ అయ్యేది!

మీ బడి బాగా పాతదైతే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ఇప్పుడు మన కంపెనీలు ఉన్న సంస్థ, భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్, ఏర్పడింది 1950 నవంబర్ 7న. గర్ల్ గైడ్స్ అందులో కలిసింది 1951 ఆగస్టు 15న. అంతకు ముందు నుంచి నడుస్తున్న కంపెనీ అయితే పాత కాగితాల మీద వేరే సంస్థ పేరు ఉంటుంది, కంగారు పడొద్దు. నిజాం కాలం నాటివి ఉర్దూలో ఉండొచ్చు. మీ ఉర్దూ టీచర్‌నో, పిల్లల ఇళ్లలో చదవగలిగే తాతగారినో కూర్చోబెట్టి చదివించండి. అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం, తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్ కూడా పాత పత్రికలూ రికార్డుల కోసం వెళ్లి అడగాల్సిన చోట్లే. హెచ్ఎం సంతకంతో ఒక లెటర్ పట్టుకెళ్లండి.

ఈ వెతుకులాటకు పిల్లల్నే పంపండి. చరిత్ర అప్పుడే వాళ్లదవుతుంది. గైడింగ్ పుట్టుకే ఆడపిల్లలు అడిగి తీసుకున్న హక్కు. 1909లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో మగపిల్లల స్కౌట్ ర్యాలీ జరిగితే కొందరు అమ్మాయిలు పిలవకపోయినా వచ్చేసి, మాకూ కావాలన్నారు. 1910లో గర్ల్ గైడ్స్ మొదలైంది. మరుసటి ఏడాదే, 1911లో, మన దేశంలో మొదటి కంపెనీ జబల్‌పూర్‌లో పెట్టారు. ఈ కథ విన్న మా ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి "అంటే వాళ్లు గేటు దగ్గర ఆగలేదా టీచర్?" అని అడిగింది. ఆ ప్రశ్ననే మా ఎగ్జిబిషన్‌లో మొదటి చార్టుకు పేరుగా పెట్టుకున్నారు.

పని పంచడం: కోర్ట్ ఆఫ్ ఆనర్ ఉన్నది ఎందుకు?

చాలా చోట్ల టీచర్లు ఉత్సవ కమిటీ వేసుకుని, చివరి వారంలో పిల్లలకు డాన్సులు నేర్పిస్తారు. గైడింగ్‌లో మనకు కొత్త కమిటీ అక్కర్లేదు. కంపెనీలోని చిన్న జట్టును పెట్రోల్ అంటారు. ఆ పెట్రోల్ లీడర్లు కూర్చునే కోర్ట్ ఆఫ్ ఆనర్ ఉంది. దాన్నే ఉత్సవ కమిటీ చేయండి. కెప్టెన్ సలహా ఇవ్వాలి, అంతే.

మాకు నాలుగు పెట్రోల్స్. తామర పెట్రోల్ పాత గైడ్లను వెతకడం తీసుకుంది. మల్లె పెట్రోల్ తిండి, నీళ్లు. గులాబీ పెట్రోల్ ఎగ్జిబిషన్, చరిత్ర. పొద్దుతిరుగుడు పెట్రోల్ గ్రౌండు, క్యాంప్‌ఫైర్, ఆటలు. డబ్బు లెక్క మాత్రం నాలుగు పెట్రోల్స్ నుంచి ఒక్కొక్కరు కలిసి రాశారు. శనివారం సాయంత్రం అరగంట మీటింగ్, మినిట్స్ బుక్‌లో రాత. ఏడాదిలో మొదటి నాలుగు నెలలు నెలకు రెండుసార్లు కూర్చుంటే చాలు. చివరి మూడు నెలలు వారం వారం కూర్చోవాల్సిందే.

మొదటి మీటింగ్‌లో నేను అడిగింది ఒకటే ప్రశ్న: "యాభై ఏళ్ల గుర్తుగా ఈ బడికి ఏం మిగలాలి?" శిలాఫలకం అంటారనుకున్నాను. చాలాసేపు గుసగుసలు నడిచాయి. చివరికి ఒక పెట్రోల్ లీడర్ తల వంచుకునే చెప్పింది: "బాత్రూం తలుపులకు గొళ్లాలు, టీచర్. ఆరింట్లో రెండింటికే ఉన్నాయి. ఒకరు లోపలుంటే ఇంకొకరు బయట తలుపు పట్టుకోవాలి." నేను ఆ బడిలో పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. స్టాఫ్ బాత్రూం వేరే ఉంది కాబట్టి నాకు తెలియలేదు. పండుగ నిధిలో మొదటి రసీదు ఆ గొళ్లాలది. కార్పెంటర్ ఒక్క పూటలో బిగించి పోయాడు. ఆ సాయంత్రమే రెండు బకెట్లు, మూత ఉన్న డస్ట్‌బిన్లు కూడా కొన్నాం.

మీ పిల్లల జవాబు ఇంకోటి కావచ్చు. ఏదైనా సరే, ముందు ఆ పని పూర్తి చేసి, తర్వాతే ఆహ్వానాలు అచ్చు వేయించండి.

రోజు ఎలా ఎంచుకోవాలి?

సహజంగా మనసుకు వచ్చేది ఫిబ్రవరి 22, వరల్డ్ థింకింగ్ డే. స్కౌటింగ్ స్థాపించిన బేడెన్ పావెల్, ఆయన భార్య ఓలేవ్ ఇద్దరి పుట్టినరోజూ అదే. 1926లో జరిగిన ప్రపంచ సమావేశంలో ఆ రోజును ఎంచుకున్నారు. కానీ మన దగ్గర అప్పటికి ఇంటర్, పదో తరగతి పిల్లలకు పరీక్షల టెన్షన్ నెత్తి మీద ఉంటుంది. పదో తరగతి పిల్లలే పెట్రోల్ లీడర్లైతే వాళ్లు లేకుండా పండుగ చేసినట్టవుతుంది. నవంబర్ 7 సంస్థ స్థాపన దినం, అది బాగుంటుంది. కాకపోతే జిల్లా స్థాయిలోనూ కార్యక్రమాలుంటాయి కాబట్టి ముందే కనుక్కోండి. దసరా రోజులు అసలు వద్దు. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా బతుకమ్మ ఆడే ఇంట్లో ఆడవాళ్లకు తీరికెక్కడిది?

మాకు పనికొచ్చిన ఉపాయం చెబుతాను. డిసెంబర్ మధ్య నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం, పెళ్లి ముహూర్తాలు ఉండవు. టెంట్ హౌస్ వాళ్లు, వంటవాళ్లు, ఫోటోగ్రాఫర్లు ఖాళీగా ఉంటారు, బేరం కుదురుతుంది. అంతకన్నా ముఖ్యం, పిలిచిన ఆడవాళ్లకు "ఆ రోజు మా ఆడపడుచు కూతురి పెళ్లి" అనే అడ్డు రాదు. ఎండ కూడా మెత్తగా ఉంటుంది. అందులోనే క్రిస్మస్‌కు, కొత్త సంవత్సరానికి తగలని ఆదివారం చూసుకున్నాం. మీ బడిలో రంజాన్, బక్రీద్ చేసుకునే పిల్లలు ఉంటే, హైదరాబాద్‌లో ఉండే తీరుతారు కదా, ఆ తేదీలు కూడా పక్కన పెట్టుకుని చూడండి. అవి ఏటా కొన్ని రోజులు ముందే వస్తుంటాయి.

పాత గైడ్ల వేట

ఈ మొత్తం పనిలో కష్టమైనదీ, ఫలితం ఎక్కువ ఇచ్చేదీ ఇదే. మగపిల్లల బడి అయితే పాత విద్యార్థుల్ని పట్టుకోవడం తేలిక. ఇంటిపేరు అదే, చాలామంది ఊరూ అదే. ఆడపిల్లలకు పెళ్లితో ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది, ఫోన్ నంబర్ భర్త పేరు మీదో కొడుకు పేరు మీదో ఉంటుంది. సోషల్ మీడియాలో పాత పేరు కొడితే ఎవరూ దొరకరు. అందుకని మేము ఇలా చేశాం.

అడ్మిషన్ రిజిస్టర్, దీక్ష రిజిస్టర్ పక్కపక్కన పెట్టి, ఒక్కో పేరుకు ఎదురుగా తండ్రి పేరు, అప్పటి ఇంటి చిరునామా ఎక్కించాం. మొత్తం 640 పేర్లు తేలాయి. తర్వాత బస్తీల వారీగా విడగొట్టి, ఇద్దరిద్దరు పిల్లలు, వెంట ఒక తల్లి, ఆదివారం పొద్దున ఆ గల్లీలకు వెళ్లారు. అమ్మాయి పేరు చెబితే ఎవరికీ తెలియదు. తండ్రి పేరో అన్న పేరో చెబితే కిరాణా షాపు పెద్దాయన వెంటనే "ఆ మూల ఇల్లు, ఇప్పుడు అమ్మేశారు, వాళ్ల తమ్ముడు ఉప్పల్‌లో ఉన్నాడు" అంటాడు. పాత టైలర్లు, ఇస్త్రీ వాళ్లు, గుడి పూజారి, చర్చి పాస్టరు, మసీదు పక్కన అత్తరు దుకాణం వాళ్లు, వీళ్లను అడగండి. వీళ్ల దగ్గర ఉన్న సమాచారం ఏ ఫోన్‌లోనూ ఉండదు.

దొరికిన ప్రతి ఒక్కరినీ "మీ పెట్రోల్‌లో ఇంకెవరున్నారు? మూడు పేర్లు చెప్పండి" అని అడగాలి. మొదటి నెలలో మాకు దొరికింది పద్నాలుగు మంది. మూడో నెల చివరికి 190 దాటారు. వాట్సాప్ గ్రూపులో పుట్టింటి ఇంటిపేరు, బ్యాచ్, పెట్రోల్ కలిపి పేరు పెట్టుకోమనండి. అలా పెట్టకపోతే ఒకరినొకరు గుర్తుపట్టరు. గ్రూపులో మెసేజ్ పెట్టే వీలు అడ్మిన్లకే ఉంచండి. ఎవరి నంబరూ వాళ్ల అనుమతి లేకుండా ఇంకొకరికి ఇవ్వొద్దు. ఇది ఆడవాళ్ల జాబితా, జాగ్రత్త మన బాధ్యత.

ఫోన్ చేసేటప్పుడు ఒక్కోసారి ఇంట్లో మగవాళ్లు ఎత్తి, ఎవరు, ఏం పని అని నిలదీస్తారు. పిల్లల చేత మాట్లాడించండి. "నమస్తే అంకుల్, ఆంటీ చదివిన స్కూల్ నుంచి మాట్లాడుతున్నాను, ఏడో తరగతి" అంటే గొంతు మెత్తబడుతుంది. ఫోన్ తర్వాత హెచ్ఎం సంతకంతో పోస్టులో ఉత్తరం కూడా పంపండి. అత్తగారింటికి కాగితం మీద బడి ముద్రతో వచ్చిన పిలుపుకు ఉన్న విలువ వాట్సాప్ ఫార్వర్డ్‌కు ఉండదు.

ఒక ఇంట్లో జరిగింది చెప్పాలి. మొదటి బ్యాచ్ గైడ్ ఒకామె, అరవై దాటిన మనిషి, గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. "నాకేం యాదికి లేదు బిడ్డా, ఎప్పటి ముచ్చట" అని పిల్లల్ని పంపేయబోయింది. మా పిల్ల సంచిలో ప్రాక్టీసు తాడు ఉంటే తీసి, బోలైన్ ముడి వేసి చూపించింది. ఆమె చేతిలో చిక్కుడుకాయ కింద పెట్టి, తాడు లాక్కుని, ముడి విప్పేసింది. "గట్ల కాదు, కొస లోపటి దిక్కు ఉండాలె" అని, చూడకుండానే మళ్లీ వేసింది. వేశాక తన చేతుల్ని తనే చూసుకుంది. పండుగ రోజు ముడుల స్టాల్ దగ్గర పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చున్నది ఆవిడే.

కాబట్టి వెళ్లేటప్పుడు తాడు, స్కార్ఫ్, పాత ఫోటో ఏదో ఒకటి పట్టుకెళ్లండి. జ్ఞాపకాలు ఫోన్‌లో రికార్డు చేయండి, ముందు అనుమతి అడిగి. "మీ అనుభూతి ఏమిటి?" లాంటి ప్రశ్నలు దండగ. "మొదటి క్యాంపుకు ఇంట్లో ఎవరు వద్దన్నారు? ఎవరు ఒప్పించారు? క్యాంపులో ఏం వండారు, ఏది మాడింది? యూనిఫాం బట్ట ఎక్కడ కొన్నారు?" అని అడగండి. మాకు దొరికిన కథల్లో సగం, ఇంట్లో ఒప్పించిన ఒక అమ్మమ్మ గురించో, చిన్నాన్న గురించో.

డబ్బు

గైడ్ నియమాల్లో పొదుపు ఒకటి, మర్చిపోవద్దు. మా ఖర్చులో వంద రూపాయలకు దాదాపు యాభై భోజనానికి, ఇరవై టెంటు, కుర్చీలు, మైకుకు, పది ప్రింటింగుకు, పది గొళ్లాలు, బకెట్లకు పోయాయి. మిగిలింది చిల్లర ఖర్చు. స్కూల్ అకౌంట్‌లోకే డబ్బు రావాలి. టీచర్ సొంత ఫోన్ క్యూఆర్ కోడ్ పెట్టొద్దు, ఎంత నిజాయితీపరులైనా సరే. ప్రతి రూపాయికి రసీదు, రసీదు మీద ఒక టీచర్, ఒక గైడ్ సంతకాలు. పాత గైడ్ల దగ్గర "ఇంత ఇవ్వాలి" అని ఎప్పుడూ అనకండి. వాళ్లలో ఇళ్లల్లో పని చేసుకునేవాళ్లూ ఉంటారు, డాక్టర్లూ ఉంటారు. డబ్బు పేరు చెప్పగానే మొదటివాళ్లు రావడం మానేస్తారు. పిలుపులోనే "ఎవరూ ఏమీ తేనక్కర్లేదు" అని రాయించాం. ఇవ్వగలిగినవాళ్లు అడగకుండానే ఇచ్చారు.

ఒక దెబ్బ తిన్నాం. వాన పడితే ఎందుకైనా మంచిదని దగ్గర్లోని ఒక ఫంక్షన్ హాల్‌కు అడ్వాన్స్ ఇచ్చాం. నెల ముందు వెళ్లి అడిగితే ఆ తేదీ ఇంకెవరికో రాసేశామన్నారు. రసీదులో తేదీ వేయించుకోకపోవడం నా తప్పు. మీరు మాత్రం తేదీ, టైం, ఎన్ని కుర్చీలు, కరెంటు బిల్లు ఎవరిది, అడ్వాన్స్ వాపసు షరతు అన్నీ రసీదు మీద రాయించుకోండి. చివరికి మేము బడి గ్రౌండులోనే చేశాం, అదే బాగుంది. పాత పిల్లలు చూడాలని వచ్చేది వాళ్ల క్లాసు గదిని.

సామాను, అనుమతులు

ఆహ్వానాలకు ఛత్తా బజార్‌లో ప్రింటింగ్ ప్రెస్సులు ఉన్నాయి, ఒకే కార్డు మీద తెలుగు, ఉర్దూ రెండూ వేయించాం. స్కార్ఫుల బట్ట సికింద్రాబాద్ జనరల్ బజార్ నుంచి తాను లెక్కన తెచ్చి, పిల్లలే కుట్టారు. పూలు గుడిమల్కాపూర్ నుంచి, తెల్లవారుజామున వెళ్తే చవక. మైకు పెడతారు కాబట్టి పోలీస్ స్టేషన్‌లో ముందే లెటర్ ఇచ్చి అనుమతి తీసుకోండి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్ స్పీకర్ నిషేధం, ఆ పది దాకా ఆగకండి కూడా. ఎనిమిదికల్లా గేటు మూసేలా ప్లాన్ వేసుకోండి. జిల్లా స్కౌట్స్ అండ్ గైడ్స్ కార్యాలయానికీ, విద్యాశాఖకూ తెలియజేసే లెటర్ల కాపీలు ఒక ఫైల్లో ఉంచండి.

ఆ రోజు వరుస

తొమ్మిదింటికి గేటు దగ్గర రిజిస్ట్రేషన్. బ్యాడ్జి మీద పుట్టింటి పేరు పెద్ద అక్షరాల్లో, ఇప్పటి పేరు కింద చిన్నగా, బ్యాచ్, పెట్రోల్ గుర్తు. ఈ ఒక్క బ్యాడ్జి చేసిన పని ఇంకేదీ చేయలేదు. నలభై ఏళ్లుగా ఎవరూ పిలవని పేరుతో పిలిపించుకుని కొందరు గేటు దగ్గరే ఆగిపోయారు.

పదింటికి జెండా, ప్రార్థన, ఝండా గీతం. ముఖ్య అతిథి ఒక్కరే, ఐదు నిమిషాలు. మేము పిలిచింది దీక్ష రిజిస్టర్‌లో మొదటి పేరున్న గైడ్‌ను. శాలువాలు కప్పలేదు. వచ్చిన ప్రతి పాత గైడ్‌కూ పిల్లలు కుట్టిన స్కార్ఫు వేశారు. "అధికారులకైనా ఒక శాలువా ఉండాలి కదా" అని కొందరు పెద్దలు పట్టుబట్టారు. అధికారులకూ స్కార్ఫే వేశాం, సంతోషంగా వేయించుకున్నారు.

పదకొండు నుంచి స్టాళ్లు: ముడులు, ప్రథమ చికిత్స, పాత యూనిఫాంలు, లాగ్ బుక్కులు, క్యాంపు కిచెన్. ఒరిజినల్ లాగ్ బుక్కులు ఎవరి చేతికీ ఇవ్వకండి, జిరాక్స్ తీసి బైండ్ చేయించి అవి ఇవ్వండి. మధ్యాహ్నం భోజనం తర్వాత పెట్రోల్ మీటింగ్. ఒకే పెట్రోల్ పేరున్న పాతవాళ్లూ కొత్తవాళ్లూ ఒక చెట్టు కింద వృత్తంగా కూర్చోవాలి. దీనికి గంట ఇవ్వండి. మేము అరగంటే పెట్టి తప్పు చేశాం, ఎవరూ లేవలేదు.

తర్వాత ట్రాకింగ్ ఆట. రాళ్లు, కొమ్మలు, సుద్దముక్కతో దారి గుర్తులు వేస్తూ బడి అంతా తిప్పాలి. ఆ దారి చివర వృత్తం, మధ్యలో చుక్క ఉంటుంది. "నేను ఇంటికి వెళ్లిపోయాను" అని దాని అర్థం. కెన్యాలోని న్యేరిలో బేడెన్ పావెల్ సమాధి మీద ఉన్న గుర్తు కూడా అదే. మా పిల్లలు ఆ వృత్తాన్ని బంతిపూలతో, చుక్కను ఒక దీపంతో పెట్టారు. చుట్టూ, ఇప్పుడు లేని గైడ్ల పేర్లు రాసిన కాగితాలు. 27 పేర్లు. మైకులో ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఆట అక్కడే ఆగింది.

చీకటి పడే వేళకు, డిసెంబర్‌లో ఆరు లోపే, క్యాంప్‌ఫైర్ మొదలవ్వాలి. గ్రౌండు సిమెంటుదైతే ఇటుకలు పరిచి, పైన మూడు నాలుగు అంగుళాల ఇసుక పోయండి. కట్టెలు ఎండినవే తేవాలి, కిరోసిన్, పెట్రోల్ పోయకూడదు. నాలుగు బకెట్ల నీళ్లు, రెండు బకెట్ల ఇసుక పక్కనే, ఇద్దరు గైడ్లు డ్యూటీలో. చున్నీలు, కొంగులు నడుముకు దోపుకోమని చెప్పండి. ఆయాసం ఉన్నవాళ్లను గాలి ఎటు వీస్తుందో చూసి అటువైపు కాకుండా కూర్చోబెట్టండి. పాటలు పిల్లలే నడిపించాలి. పాతవాళ్లు మధ్యలో తమ కాలం నాటి చప్పట్లు, యెల్స్ (అందరూ కలిసి అరిచే నినాదాలు) నేర్పిస్తారు, ఆపకండి.

చివరగా మూడు దీపాలు వెలిగించి, ప్రతిజ్ఞలోని మూడు భాగాలు ఒక్కొక్కటి చెబుతూ అందరూ ప్రతిజ్ఞ మళ్లీ చేయాలి. దైవం అనే చోట ధర్మం అనే వీలు మన ప్రతిజ్ఞలోనే ఉంది, ఆ సంగతి ముందే చెప్పండి. గాలికి దీపాలు ఆరిపోతాయి, గాజు చిమ్నీలు పెట్టుకోండి. ప్రతిజ్ఞ అయ్యాక గైడ్ల పద్ధతిలో ఎడమ చేతి షేక్‌హ్యాండ్, ఇంటికి ప్రయాణం.

తిండి, నీళ్లు

అందరూ తినగలిగేలా శాకాహారమే పెట్టండి. మాది బగారా అన్నం, మిర్చీ కా సాలన్, వెజిటబుల్ కుర్మా, పెరుగన్నం, డబుల్ కా మీఠా. బగారాకు కిలో బియ్యం ఎనిమిది మందికి లెక్క వేసుకుని, ఒక పది శాతం ఎక్కువ పెట్టుకోండి. 260 మందికి మేము 36 కిలోలు వండించాం, సరిగ్గా సరిపోయింది. నీళ్లు 20 లీటర్ల క్యాన్లు పదహారు. ప్లాస్టిక్ గ్లాసులు వద్దు, టెంట్ హౌస్‌లో స్టీలు ప్లేట్లు, గ్లాసులు అద్దెకు దొరుకుతాయి. షుగర్ ఉన్నవాళ్లు చాలామంది వస్తారు. పదకొండింటికే మజ్జిగ, ఉడికించిన పల్లీలు పెట్టి, భోజనం ఒంటిగంట దాటనివ్వకండి. సాయంత్రం ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. వడ్డన పిల్లలు చేస్తారు, కానీ పిల్లల భోజనం చివరికి నెట్టొద్దు. మల్లె పెట్రోల్ షిఫ్టులు వేసుకుంది: సగం మంది ముందు తిన్నారు, సగం మంది తర్వాత.

భద్రత

ప్రతి పిల్ల ఇంటి నుంచి సంతకం చేసిన అనుమతి పత్రం, సాయంత్రం ఎవరు తీసుకెళ్తారో పేరుతో సహా ఉండాలి. ఆ పేరు లేనివాళ్లతో పిల్లను పంపొద్దు, "మా బావనే టీచర్" అన్నా సరే. ఫోటోలకు వేరే అనుమతి తీసుకోండి. పిల్లల ఫోటోలు బయట పెట్టేటప్పుడు పేరు, తరగతి రాయకండి. మగ వలంటీర్లకు గేటు బయట పార్కింగ్ డ్యూటీ ఇవ్వండి. ఫస్ట్ ఎయిడ్ టేబుల్ దగ్గర ఒక నర్సు ఉంటే మంచిది, మాకు పాత గైడ్లలోనే ఇద్దరు దొరికారు. 108, 112, 1098 నంబర్లు పెద్ద అక్షరాల్లో రాసి అంటించండి. మెట్లెక్కలేని పెద్దవాళ్ల కోసం స్టాళ్లన్నీ కింది అంతస్తులోనే పెట్టండి.

అయిపోయాక

మర్నాడు గ్రౌండు ఊడ్చి, ఇసుక, ఇటుకలు ఎత్తేయాలి. వారంలోగా లెక్కలు నోటీస్ బోర్డు మీద అంటించాలి, మిగిలిన డబ్బు ఎంతో, దేనికి పెడుతున్నారో కూడా. వంటవాళ్లతో సహా సాయం చేసినవాళ్లందరికీ పిల్లల చేతి రాతతో ఉత్తరాలు వెళ్లాలి. రికార్డింగులు రెండు పెన్‌డ్రైవ్‌లలో వేసి, ఒకటి బడిలో, ఒకటి పాత గైడ్లు ఎంచుకున్న మనిషి దగ్గర ఉంచండి.

లాగ్ బుక్‌లో ఆ రోజు గురించి నాలుగు పెట్రోల్స్ నాలుగు పేజీలు రాయాలి. మీరు దిద్దకండి, అక్షర దోషాలున్నా సరే. ఆ తర్వాత లాగ్ బుక్కులు, దీక్ష రిజిస్టర్, చార్టర్, పాత గైడ్ల చిరునామాల పుస్తకం అన్నీ వేపాకు వేసి ఒక ట్రంకు పెట్టెలో పెట్టండి. ఇక్కడే చాలా బడులు పోగొట్టుకుంటాయి. హెచ్ఎం బదిలీ అవుతారు, కెప్టెన్ రిటైర్ అవుతారు, కొత్తవాళ్లు బీరువా ఖాళీ చేసి పాత కాగితాలవాడికి వేసేస్తారు. అందుకని ఆ పెట్టెను స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించండి. హెచ్ఎం మారినప్పుడు చేతులు మారే చార్జి లిస్టులో దానికొక వరుస నంబర్ ఉండాలి. మా బడిలో అది 114వ నంబర్: "గైడ్ కంపెనీ ట్రంకు పెట్టె, ఒకటి, తాళంతో సహా."